వీధిని ఊరుకోబెట్టిన అత్తగారు

ఆ ఇంట్లో పొద్దున లేస్తే ఏదో ఒకటి కనపడకుండా పోవడం మామూలే. ఒకరోజు కోడలి కళ్ళజోడు, ఒకరోజు కొడుకు లైసెన్సు, ఇంకోరోజు జతలో ఒక మేజోడు. ఇల్లు చిన్నది, సామాను ఎక్కువ. వెతికే ఓపిక ఎవరికీ లేదు, ఆ అవసరమూ లేదు. అత్తగారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, గుమ్మంలో నిలబడి, "ఊరుకోండర్రా!" అనేది. అంతే, గదిలో సామానంతా వెలిసిపోయేది. కుర్చీలు, దుప్పట్లు, ఇస్త్రీ చెయ్యని బట్టల గుట్ట, అన్నీ పలచబడి గోడ రంగులో కలిసిపోయేవి. వెతికే వస్తువు ఒక్కటే, మంచం కింద ఉంటే మంచం కింద, నిండు రంగుతో మిగిలేది. దాన్ని తీసుకున్నాక మిగతావి మెల్లగా తేరుకునేవి.

ఇరుగుపొరుగు కూడా తాళంచెవి పోతే ఆవిడకే కబురు పెట్టేవాళ్ళు. "మీ అత్తగారు ఖాళీయేనా?" అని అడిగేవాళ్ళు, నిచ్చెన అడిగినట్టు. ఆవిడ వెళ్ళి పని చూసుకుని, తిరిగి వచ్చాక వాళ్ళ ఇల్లు ఎంత చిందరవందరగా ఉందో కోడలికి పూసగుచ్చినట్టు చెప్పేది.

కోడలు ఎలుకల ల్యాబులో పనిచేసేది. ఎలుక ముందు చిన్న తెర ఉంటుంది, దాని మీద చారలు వస్తాయి. వాలు చారలు వస్తే ఎలుక మూతి దగ్గరున్న సన్న గొట్టాన్ని నాకాలి, నీటిచుక్క దొరుకుతుంది. నిలువు చారలు వస్తే నాకకూడదు. అందుకే ఆ ల్యాబులోకి చారల చొక్కాతో ఎవరూ రాకూడదు. ఒకసారి ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చినాయన చారల చొక్కాతో పక్కకి వంగేసరికి ఎలుక తెర వదిలేసి ఆయన వీపు చూస్తూ గొట్టం నాకడం మొదలుపెట్టింది. ఆ పూట పనంతా మట్టిగొట్టుకుపోయింది.

"ఎలుకలకి చారలు చూపించి ఏం బావుకుంటారే?" అని భోజనాల దగ్గర అత్తగారు అడిగింది.

"తలలో కణాలుంటాయి అత్తయ్యా. కంటికి ఏది కనపడినా నేనంటే నేనని అరుస్తాయి. వాటి మధ్యలోనే ఇంకొన్ని కణాలున్నాయి. వాటి పనల్లా పక్కవాటి నోరు మూయించడం. అవి అలా మూయించబట్టే మనకి ఏదైనా తేటగా కనపడుతుంది. నీలం వెలుగు తగిలితే ఆ కణాలు హుషారయ్యేలా చేశాం. అప్పుడు ఎలుకకి చారలు బాగా తెలుస్తాయా అని చూస్తున్నాం."

"ఓసి, ఇంతేనా? నేను రోజూ చేసేదేగా!"

కోడలికి ఒళ్ళు మండింది. ఆ మాట నిజమే కావడం వల్ల ఇంకాస్త మండింది.

కొడుకు సిటీ బస్సు డ్రైవరు. పెళ్ళికి ముందునుంచీ ఒకటే రూటు, దానిమీద ఒకటే ప్రేమ. ఆ ఏడు అతనికి జ్వరం వచ్చి మెదడుకి ఎక్కింది. మనిషైతే దక్కాడు గానీ, ఇంట్లోంచి బయటికి అడుగుపెడితే చాలు, బోర్డులు, ఆకులు, కిటికీలు, మనుషులు, గోడల మీది మరకలు, అన్నీ ఒకేసారి, ఒకే జోరుతో మీదికి తోసుకొచ్చేవి. దేన్ని ముందు చూడాలో తెలిసేది కాదు. కళ్ళకేమీ లోపం లేదన్నారు డాక్టర్లు. సద్దుమణిగించే కణాలు జ్వరానికి సొమ్మసిల్లాయి, లేస్తే లేస్తాయి, లేకపోతే లేదన్నారు.

డిపో మేనేజరు మంచివాడు. పక్క సీటు దగ్గర రెండో బ్రేకు ఉన్న బస్సులో, డ్రైవింగు నేర్పే మాస్టారి పక్కన కొన్నాళ్ళు నడిపి చూడమన్నాడు. ఆ మాస్టారు సరేనంటే ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు టెస్టు. అందులో తప్పితే ఇక స్టీరింగు ముట్టుకోనివ్వరు, టైర్ల గోదాములో కూర్చోబెడతారు.

"ఆ గోదాములో నేను బతకలేనమ్మా," అన్నాడు కొడుకు. అంత మనిషీ తల్లి ముందు కూర్చుని ఏడ్చాడు.

"నేను లేనూ? ఎందుకురా బెంగ?" అంది తల్లి.

మర్నాడు ఆవిడ ఖాళీ బస్సులో కొడుకు వెనక సీట్లో కూర్చుంది. మాస్టారు ఏమీ అనలేదు, ఆయన ఇంటి తాళాలు కూడా రెండుసార్లు ఆవిడే వెతికిపెట్టింది. బస్సు డిపో గేటు దాటగానే "ఊరుకోండర్రా!" అంది. దుకాణాలు, చెట్లు, ప్రకటనలు అన్నీ వెలిసిపోయి రోడ్డు ఒక్కటే నల్లగా మిగిలింది. కొడుకు నవ్వాడు. జ్వరం తర్వాత అతను నవ్వడం అదే మొదలు. తల్లి ఆనందం పట్టలేకపోయింది. మలుపు మలుపుకీ ఇంకాస్త గట్టిగా ఊరుకోమంది.

ఉన్నట్టుండి బస్సు ముందే గణగణమని బెల్లు మోగింది. కొడుకు, మాస్టారు ఒక్కసారే బ్రేకు తొక్కారు. ఎదురుగా ఒక సైకిలు మనిషి, సగం చెరిపేసిన సుద్దబొమ్మలాగా, చక్రం బంపరుకి ఆనించుకుని నిలబడి ఉన్నాడు. మనిషి కనపడీ కనపడనట్టున్నాడు గానీ గొంతు మాత్రం నిండుగా ఉంది. ముగ్గురినీ ఉతికి ఆరేశాడు.

ఆ పొద్దు ఇంటికి వచ్చాక అత్తగారు మూల కూర్చుని, "రోడ్డు ఒక్కటే కావాలనుకున్నానే. మనిషి అడ్డొస్తాడని అనుకోలేదే," అని తల బాదుకుంది. ఇక ఆ మాట నోట రానివ్వనని ఒట్టు పెట్టుకుంది. అప్పటినుంచి ఆ ఇంట్లో అందరూ మంచాల కింద దూరి వెతుక్కోవడం నేర్చుకున్నారు.

ల్యాబులో కోడలి పని కూడా అలాగే అఘోరించింది. కాస్త వెలుగుకి ఎలుక చారల్ని బాగా గుర్తుపట్టింది కదా అని ఆవిడ వెలుగు పెంచింది. ఇంకా పెంచింది. ఎలుక తెర ముందు కదలకుండా కూర్చుండిపోయింది. వాలు చారలు వచ్చినా, నిలువు చారలు వచ్చినా దానికి పట్టలేదు.

ల్యాబు పెద్దమేడమ్ వచ్చి చూసి, "అందరి నోళ్ళూ నొక్కేశావు, ఇక దానికి చెప్పేదెవరు?" అంది. "ఆ కణాలకి ఎంత ఆపాలో తెలుసు. పక్కవాళ్ళ మాట విని, దాన్నిబట్టి ఆపుతాయి. కాస్త మేలుకొలిపి వదిలెయ్, వాటి పని అవి చేసుకుంటాయి."

కోడలు వెలుగు తగ్గించింది. ఎలుక మీసాలు కదిపింది. వాలు చారలు రాగానే ముందుకి వంగి గొట్టం నాకింది. కోడలు చేతి తొడుగులైనా తియ్యకుండా ఇంటికి పరిగెత్తింది.

"అత్తయ్యా, మీరు చెప్పాల్సింది వీధికి కాదు. ఆయన తలలో వీధిని ఊరుకోబెట్టేవాళ్ళున్నారే, వాళ్ళకి. జ్వరంలో వాళ్ళే ఊరుకుండిపోయారు. వాళ్ళని లేపండి."

అత్తగారు తటపటాయించింది. పుట్టి బుద్ధెరిగాక ఊరుకోమనడమే గానీ ఊరుకోవద్దని ఎవరితోనూ అనలేదు. పైగా సైకిలు మనిషి ఇంకా కళ్ళ ముందే ఉన్నాడు.

"మళ్ళీ ఏదైనా అయితేనో?"

"గట్టిగా అనకండి. నెమ్మదిగా, ఒక్కసారే."

కొడుకు నేలమీద కూర్చున్నాడు. తల్లి వెనక కూర్చుని, అతని తల రెండు చేతుల మధ్య పట్టుకుని, చిన్నప్పుడు బడికి లేపిన గొంతుతో, "ఊరుకున్నది చాల్లేర్రా. లేవండి నాయనా," అంది.

ఏమీ జరగలేదు. ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. రెండురోజుల తర్వాత కొడుకు టీ తాగుతూ, "ఈ కప్పు అంచు విరిగిందే," అన్నాడు. అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతను కిటికీ దగ్గరికి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాడు. వీధిలో ఏదీ వెలిసిపోలేదు. అన్నీ రంగు రంగుగా ఉన్నాయి, దేని చోట అది ఉంది. వాటిలో తనకి కావలసిందేదో అది ముందుకి వస్తోంది.

మాస్టారు పక్కన కొన్ని వారాలు నడిపాడు. మాస్టారు సరేనన్నాక టెస్టు రోజు వచ్చింది. ఈసారి బస్సు నిండా జనం. డ్రైవరు పక్కన ఇన్‌స్పెక్టరు, ఆయన పాదం రెండో బ్రేకు మీద. ఆయన నవ్వగా డిపోలో చూసినవాళ్ళు లేరు. ఇంటివాళ్ళు ముందు కూర్చోకూడదన్నాడు. అత్తాకోడళ్ళు టికెట్లు కొనుక్కుని వెనక కూర్చున్నారు.

సగం దారి సాఫీగా సాగింది. మార్కెట్టు స్టాపులో ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు. బస్సు మాత్రం కదల్లేదు.

"ఏమైంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

డ్రైవరు పక్క అద్దంలోకే చూస్తున్నాడు. "ఒకావిడ వస్తోంది సార్."

ఇన్‌స్పెక్టరు తల బయటికి పెట్టి వెనక్కి చూశాడు. గొడుగులు, బుట్టలు, తోపుడుబళ్ళు, మనుషుల మీద మనుషులు. "ఎక్కడా?"

"ఆ పళ్ళబండి వెనక సార్. చెయ్యి ఊపుతోంది."

"నాకెవరూ కనపడ్డం లేదే!"

జనం సణుగుడు మొదలుపెట్టారు. ఇన్‌స్పెక్టరు మొహం బిగుసుకుంది. జ్వరం వచ్చిన తల, లేని మనుషుల్ని చూస్తోందనుకున్నాడు. ఇంజను ఆపి కిందికి దిగమనడానికి చెయ్యి ఎత్తాడు.

వెనక సీట్లో అత్తగారు దిగ్గున లేచింది. ఒక్క మాట అంటే చాలు, మార్కెట్టంతా వెలిసిపోయి ఆ ఆడమనిషి ఒక్కతే మిగులుతుంది, ఇన్‌స్పెక్టరు కళ్ళారా చూస్తాడు. నోరు తెరిచింది. కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని లాగింది.

"మీరు ఊరుకోండి అత్తయ్యా."

"వాడి బతుకు పోతుందే!"

"ఊరుకోండి. మీ అబ్బాయి చూశారుగా."

అత్తగారు కూర్చుంది. అరచేత్తో నోరు గట్టిగా నొక్కుకుంది. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

అప్పుడు పళ్ళబండి పక్కనుంచి, కాలికి కట్టు కట్టుకున్న ఒక పెద్దావిడ కుంటుకుంటూ వచ్చింది. తెగిన చెప్పు ఒక చేతిలో ఉంది, రెండో చెయ్యి ఇంకా ఊపుతూనే ఉంది. కండక్టరు చెయ్యందించి ఎక్కించాడు. ఆవిడ కడ్డీ పట్టుకుని ఆయాసపడుతూ, "చల్లగా ఉండు నాయనా. ఇంత జనంలో నేనేం కనపడతాన్లే అనుకున్నా," అంది.

ఇన్‌స్పెక్టరు ఆవిడని చూశాడు. మళ్ళీ ఒకసారి మార్కెట్టు వంక చూశాడు. ఆయన కళ్ళకి అది ఇంకా కలగాపులగంగానే ఉంది. తర్వాత పాదం రెండో బ్రేకు మీదనుంచి తీసి, కాళ్ళు రెండూ వెనక్కి మడుచుకుని, సీటులో చేరగిలబడ్డాడు.

"ఇక పోనివ్వు," అన్నాడు డ్రైవరుతో.