ఉంచు, తీసెయ్

సూర్యకుమారి దగ్గర నృత్య రచన అంటే రెండే రెండు మాటలు. ఒకటి ఉంచు, రెండోది తీసెయ్.

కెనడాలోని హామిల్టన్‌లో మూతబడిన మేజోళ్ళ ఫ్యాక్టరీ ఒకటుంది. దాని మూడో అంతస్తులో ఆమె డాన్స్ థియేటర్ నడుపుతోంది. లిఫ్టు ఎప్పుడు చెడిపోయిందో ఎవరికీ గుర్తులేదు. డెబ్బై రెండు మెట్లు ఎక్కి పైకి వెళ్తే పెద్ద హాలు. ఒకవైపు అద్దాలు, ఇంకోవైపు స్టీలు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపించే కిటికీలు. సెప్టెంబర్‌లో సీజన్ మొదలైన రోజున ఆరుగురు డాన్సర్లను నేల మీద కూర్చోబెట్టి "మీరు ఇంటికి వెళ్తుంటే తలుపు వెనక్కి వెనక్కి జరుగుతోంది. లేవండి, చెయ్యండి" అంటుంది. అంతే, ఆమె పని అయిపోయింది. ఇక మడత కుర్చీలో కూర్చుని ఫోన్‌తో వీడియో తీసుకుంటూ, వాళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని పుట్టించిన కదలికల్ని బజార్లో వంకాయలు ఏరినట్టు ఏరుతుంది. "చెయ్యి ఉంచు. నడుం తీసెయ్. ఆ దొర్లడం ఉంచు." ఏప్రిల్ వచ్చేసరికి ఉంచినవన్నీ కలిపి కుడితే గంట ప్రదర్శన. కరపత్రం మీద "నృత్య రచన: సూర్యకుమారి" అని అరచేయంత అక్షరాలు. డాన్సర్ల పేర్లు వెనకవైపు, లైట్లు వేసినవాళ్ళ పేర్ల కింద.

ఈ రంగంలో చాలాచోట్ల ఇలాగే చేస్తారని ధరణికి తెలుసు. తెలిసినంత మాత్రాన ఒళ్ళు మండకుండా ఉంటుందా?

ధరణిది హనుమకొండ. పదమూడేళ్ళు కూచిపూడి నేర్చుకుంది. హామిల్టన్ దగ్గర్లోని కేంబ్రిడ్జ్‌లో కాలేజీ చదువుతూ గోడౌన్‌లో పెట్టెలకు టేపు అంటించింది. శాశ్వతంగా ఉండిపోవడానికి పీఆర్ వచ్చాక ఆ టేపు గన్ను అవతల పడేసి ఈ థియేటర్‌లో చేరింది. ఇది ఐదో ఏడు, ముప్పై రెండేళ్ళ వయసు. ఈ వయసులో డాన్సర్‌కి మిగిలే దారి ఒక్కటే. తన పేరు మీద ఒక రచన ఉండాలి. పేరు ఉంటే రేపు ఎవరైనా పిలిచి "నువ్వు కంపోజ్ చెయ్" అంటారు. లేకపోతే మళ్ళీ టేపు గన్నే. అందుకే సీజన్ మొదటి రోజునే అడిగేసింది.

"సూర్య గారూ, ఈసారి నా సోలోకి సహ రచన అని నా పేరు కూడా వేయాలె."

సూర్యకుమారిది బందరు. షికాగో మీదుగా వచ్చి ఇక్కడ పాతికేళ్ళయింది. తనను ఆంటీ అనొద్దని, గారు కూడా తగిలించొద్దని, ఉత్త సూర్య అనమని అందరికీ చెబుతుంది. ధరణికి నోరు తిరగక గారు అంటూనే ఉంది.

"ముందు సోలో పుట్టనీవే తల్లీ. పుట్టని పిల్లకి ఇంటిపేరేమిటి?" అని నవ్వింది సూర్యకుమారి. మిగిలినవాళ్ళకి తెలుగు రాకపోయినా ఆమె నవ్వింది కదా అని నవ్వారు.

జనవరిలో బాయిలర్ పాడైంది. తొమ్మిది రోజులు హాల్లో నోటి వెంట ఆవిరి కనిపించింది. సూర్యకుమారి కోటు మీద కోటు వేసుకుని కుర్చీలో కూర్చుంది. డాన్సర్లు మాత్రం ఉత్త కాళ్ళతో ఆ చల్లటి వినైల్ నేల మీద ఎగిరి పడ్డారు. ఏడో రోజున ధరణి ఒక దూకు దిగుతుంటే కుడి మోకాలి లోపల ఏదో టక్కుమంది. పైకి ఏమీ కనబడలేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. కిందటేడు వర్ష అనే అమ్మాయి చీలమండ బెణికిందని చెప్పిన పాపానికి సూర్యకుమారి ఎంతో ప్రేమగా విశ్రాంతి ఇచ్చింది. ఆ పిల్ల ఇప్పటికీ విశ్రాంతిలోనే ఉంది. ధరణి డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఎమ్మారై కోసం వరసలో పేరు రాయించుకుంది. జూన్‌లో రమ్మన్నారు.

రెండు రోజుల తర్వాత సోలో మొత్తం చేస్తుండగా మూడో నిమిషంలో మోకాలు మొండికేసింది. అడుగు పడాల్సిన చోట పడలేదు. కుడికాలు అరక్షణం గాల్లో ఆగిపోయి ఆలస్యంగా ఈడ్చుకుంటూ వచ్చింది. చెయ్యి దానంతట అదే తొడ మీదికి పోయింది. పట్టుబడిపోయాననే అనుకుంది ధరణి.

మడత కుర్చీ కిర్రుమంది. "ఉంచు" అంది సూర్యకుమారి.

"ఏది?"

"ఆ ఆగడం. చెయ్యి అక్కడికి పోవడం. ఉంచు. మళ్ళీ చెయ్."

ధరణి మళ్ళీ చేసింది. ఇంకాస్త ఆలస్యంగా చెయ్ అంటే అలాగే చేసింది. ఆ రోజు నుంచి రోజూ తన నొప్పిని తనే అనుకరించడం మొదలైంది. నొప్పి లేని రోజున ఉన్నట్టు, ఉన్న రోజున కొలత ప్రకారం అంతే ఉన్నట్టు చేసింది. ఇంటికి వెళ్ళి ఐస్ పెట్టుకుంటూ బండబూతులు తిట్టుకుంది. అయినా లోలోపల ఒక ఆశ పుట్టింది. సోలోలో అందరి కళ్ళూ ఆగేది అక్కడేనని ఆమెకు తెలిసిపోయింది.

ఏప్రిల్‌లో ప్రదర్శన అయింది. ఆ అడుగు దగ్గర హాలంతా ఊపిరి బిగబట్టింది. శరీరం తనను తానే నమ్మలేని క్షణమని ఒక పత్రికలో ఆకాశానికెత్తేశారు. కరపత్రం తిప్పి చూస్తే ముందు వైపు ఒక్కటే పేరు. ధరణి ఇంకా మేకప్ అయినా తుడుచుకోకుండా సూర్యకుమారి గదిలోకి దూసుకెళ్ళింది.

"నా పేరేది?"

"వెనకాల ఉంది, చూళ్ళేదా?"

"చేసింది నేను. ఒక్క అడుగైనా మీరు చేసి చూపించిన్రా నాకు?"

"చేసేవాళ్ళు దొరుకుతారమ్మా. ఓక్‌విల్ నుంచి టొరంటో దాకా ఎంతమంది కావాలంటే అంతమంది. ఏది ఉంచాలో తెలిసినవాళ్ళే దొరకరు." సూర్యకుమారి అద్దంలో చూసుకుంటూ పెదవుల రంగు సరిచేసుకుంది. "మొహం కడుక్కో పో. స్పాన్సర్లు వస్తున్నారు."

ధరణి పళ్ళు కొరుక్కుంటూ ఇంటికి వెళ్ళింది. మర్నాడే థియేటర్ బోర్డుకి ఫిర్యాదు రాసింది. మూడో నిమిషంలో ఆగిన అడుగు పూర్తిగా తన ఊహ అనీ, వారాల తరబడి ఆలోచించి కూర్చాననీ, దానికి రచయితగా తన పేరు వేయాలనీ రాసింది. అది అబద్ధం. రాస్తున్నప్పుడే ఆమెకు సిగ్గేసింది. కానీ మోకాలు దెబ్బతిందని రాస్తే అది రచన కాదు, ప్రమాదం అవుతుంది. ప్రమాదాలకు కరపత్రంలో పేర్లు వేయరు.

మే నెలలో వచ్చే సీజన్‌కి కాంట్రాక్ట్ ఇవ్వడం లేదని మూడు వాక్యాల ఈమెయిల్ వచ్చింది. జూన్‌లో ఎమ్మారై రిపోర్టు వచ్చింది. మోకాలి లోపలి మెత్త చిరిగిందట, దెబ్బ కనీసం నాలుగైదు నెలల పాతదట. ధరణి ఆ కాగితాన్ని ఎవరి కంటా పడకుండా బ్యాగు అడుగున పెట్టింది.

సోలో ఇప్పుడు కొత్తగా చేరిన హర్షిణికి ఇచ్చారు. ఓక్‌విల్‌లో పుట్టి పెరిగిన పిల్ల, ఇరవై రెండేళ్ళు. అక్టోబర్‌లో టూరు ఉంది కాబట్టి నేర్పడానికి ఎవరూ లేకపోయినా వీడియో చూసి నేర్చుకోమన్నారు. ఆగస్టులో ఒక శనివారం పొద్దున్నే ఆ పిల్ల ధరణిని వెతుక్కుంటూ కమ్యూనిటీ సెంటర్‌కి వచ్చింది. ధరణి అక్కడ చిన్నపిల్లలకు డాన్స్ నేర్పుతోంది.

"అక్కా, థర్డ్ మినిట్‌లో ఆ స్టాప్... ఐ కాంట్ గెట్ ఇట్. రోజూ ఫార్టీ టైమ్స్ చేస్తున్నా. షీ సేస్ ఇట్స్ ఫేక్."

"ఏది, చెయ్."

హర్షిణి చేసింది. అచ్చం వీడియోలో ఉన్నట్టే దూకి, దిగుతున్న కాలిని దిగనివ్వకుండా మధ్యలో పట్టి ఆపింది. బాగున్న మోకాలిని బలవంతంగా మెలితిప్పింది. చూస్తుంటే ధరణికి మొదట కడుపు నిండింది. రాలేదు కదా, నా అడుగు నాకే వచ్చింది కదా అని సంబరపడింది. ఆ తర్వాత హర్షిణి నేల మీద కూర్చోబోయి కుడికాలు మడవలేక చాపుకుంది. ప్యాంటు మీద నుంచే వాపు తెలుస్తోంది.

చెప్పేయాలి. అది అడుగు కాదు పిల్లా, నా మోకాలు పోవడం అని ఒక్క మాట చెబితే చాలు. కానీ తన ఫిర్యాదు మీద గురువారం బోర్డు మీటింగ్ ఉంది. చెబితే ఫిర్యాదు గాలికి పోతుంది, దాంతో పాటు పేరూ పోతుంది. ఇంకా ఐదు రోజులేగా అనుకుంది.

"ఐస్ పెట్టుకో" అంది ధరణి. "అలవాటైతది."

హర్షిణి థాంక్స్ చెప్పి కుంటుకుంటూ వెళ్ళిపోయింది.

గురువారం పదకొండింటికి మీటింగ్. బోర్డు పెద్ద రామమోహనరావు గారు. కార్ల ప్లాంట్‌లో ఇంజినీరుగా రిటైరయ్యారు, మర్యాదస్తుడు, డాన్స్ గురించి ఆయనకు తెలిసింది సున్నా. డెబ్బై రెండు మెట్లెక్కిన ఆయాసం తగ్గాక నోట్‌బుక్ తెరిచారు.

"ఆ అడుగు ఎవరిదో తేలిస్తే సరిపోతుంది కదమ్మా?" అన్నారు.

సూర్యకుమారి మొదలుపెట్టింది. ఆ అడుగు తన మనసులో పదేళ్ళుగా ఉందంది. తన తల్లి బందరు బస్టాండులో దిగుతూ ఒక్క క్షణం ఆగిందట, ఆ ఆగడాన్నే తాను ఏళ్ళ తరబడి చెక్కుకుంటూ వచ్చిందట. అంత అందంగా అబద్ధమాడటం తనకు చేతకాలేదని ధరణికి అసూయ కలిగింది.

"ఒకసారి చూపించమ్మా" అన్నారాయన, అడుగు చేసి చూపడానికి పిలిపించిన హర్షిణితో.

హర్షిణి చేసింది. మూడో నిమిషంలో పెదవి కొరుక్కుంది.

"నాకు సరిగ్గా అర్థం కాలేదు. ఇంకోసారి చెయ్యి తల్లీ."

హర్షిణి దూకడానికి వెనక్కి వెళ్ళింది. నుదుటి మీద చెమట పట్టింది. ధరణి లేచి నిలబడింది.

"ఆపు. చెయ్యకు."

బ్యాగు అడుగు నుంచి ఆ కాగితం తీసి ఆయన ముందు పెట్టింది.

"ఫిర్యాదులో నేను రాసింది అబద్ధమండీ. అది నా ఊహ కాదు. జనవరిలో నా మోకాలు పోయింది. నిలబడలేక ఆగిన. అంతే. ఆ పిల్ల బాగున్న మోకాలితోని రోజూ నలభై సార్లు అదే చేస్తుంది."

రామమోహనరావు గారు రిపోర్టు రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి సూర్యకుమారి వైపు చూశారు. "మరి మీ అమ్మగారు, బందరు బస్టాండు...?"

సూర్యకుమారి మొహం నల్లబడింది. అంతలోనే కోపంతో ఎర్రబడింది.

"ఏం, మోకాలు పోయిందని నాకు తెలీదనుకున్నారా? ముప్పై ఏళ్ళు ఆడాను. నొప్పి ఏదో నటన ఏదో నాకు తెలీదూ? మొదటి రోజునే చూశాను. చూశాను కాబట్టే ఉంచమన్నాను. దానికైతే అది వట్టి కుంటడం. అది నాట్యమని కనిపెట్టిందాన్ని నేను. ఇప్పుడు చెప్పండి, ఎవరిదీ రచన?"

ఆమె చెప్పిన దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదని ధరణికి అర్థమైంది. అరికాలి నుంచి మండుకొచ్చింది. ఏడు నెలలు తను దాచుకున్నాననుకున్న నొప్పి ఆమెకు మొదటి రోజు నుంచీ కనబడుతూనే ఉంది.

హాలు మధ్యలో ఒంటికాలి మీద బరువు మోపి నిలబడ్డ హర్షిణి మెల్లిగా నోరు విప్పింది. ఎప్పుడూ ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల, కూడబలుక్కుని పూర్తిగా తెలుగులో అడిగింది.

"నాది కూడా చూశారా? నా మోకాలు?"

సూర్యకుమారి ఆ మోకాలి వైపు చూసింది. తర్వాత కిటికీ వైపు తిరిగింది.

"టూరు దాకా ఆగుతుందనుకున్నాను" అంది.

రామమోహనరావు గారు పెన్ను తీశారు. రచన సూర్యకుమారి గారిదేనని నోట్‌బుక్‌లో రాసుకున్నారు. టూరు సంగతి బోర్డు మళ్ళీ ఆలోచిస్తుందని చెప్పారు. హర్షిణి మాత్రం ఎవరి ఆలోచన కోసమూ ఆగలేదు. గోడ పక్కనున్న బ్యాగు తీసుకుని తలుపు వైపు నడిచింది. ధరణి వెనకాలే వెళ్ళింది.

మొదటి మెట్టు దగ్గర హర్షిణి ఆగిపోయింది. ఏ కాలు వేయాలో తెలియక రెయిలింగ్ గట్టిగా పట్టుకుంది.

"దిగేటప్పుడు నొప్పి కాలు ముందు" అంది ధరణి. "ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. డాక్టర్ దగ్గరకు నేను కూడా వస్త."

చెయ్యి పట్టుకోబోయింది. హర్షిణి ఆ చేతిని విదిలించి కొట్టింది.

"సాటర్డే చూశావు కదా నువ్వు" అంది. "యూ సా ఇట్. అలవాటైతది అన్నావు."

వెనక హాల్లో మడత కుర్చీ కిర్రుమన్న చప్పుడు మెట్ల దాకా వినిపించింది.

"చూసిన" అంది ధరణి.

హర్షిణి నొప్పి కాలు ముందు వేసి ఒక్కొక్క మెట్టే దిగసాగింది. డెబ్బై రెండు మెట్లూ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.