అల్ఫే చదివే కాగితం

గ్రంథాలయంలో పాత పుస్తకాల అమ్మకం సంగతి రాయడం అయింది. రీనా డ్యూబే వాళ్ళ ఆవు కంచె తెంచుకుపోయి నది గట్టున దొరికిన సంగతీ అయింది. ఫాదర్ కోర్మియే గురుపట్టం పొంది యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా జరిగే విందుకి ఎవరెవరు ఏమేం వండి తేవాలో, అదీ అయింది. క్లోవిస్ తెరియో రెండు చూపుడువేళ్ళూ కంప్యూటరు మీటల మీద ఆనించి అలాగే కూర్చున్నాడు. రాయవలసింది ఒక్క సంగతి. దాన్ని తప్పించుకోవడానికి ఊళ్ళో ఉన్న సంగతులన్నీ రాసేశాడు.

"ఇంకా అవలేదా?" అంది భార్య జెర్మేన్ కాఫీ పోస్తూ. "మా అన్నయ్య ఈపాటికి ఫైర్ స్టేషన్లో ఫలహారాలకి బల్లలు వేసేసుంటాడు."

"అయిపోవచ్చింది."

"వచ్చిన కాణ్ణుంచీ అదే మాట. రాజధాని నుంచి మనిషివి వచ్చావు గాని నోరు అక్కడే మర్చిపోయొచ్చినట్టున్నావు."

క్లోవిస్ కాఫీ కప్పు పక్కకి జరిపాడు. మూడు రోజులుగా అతని ఒళ్ళు అతని స్వాధీనంలో లేదు. అన్నం తింటున్నాడు, పడుకుంటున్నాడు, లేస్తున్నాడు. లోపల మాత్రం ఇంకా శాసనసభ వెనక వరసలో, సమావేశాలు ముగిశాయని అధ్యక్షుడు సుత్తి కొట్టిన ఆ క్షణంలోనే కొయ్యబారి ఉన్నాడు.

వృత్తికి అతను బడి బస్సు డ్రైవరు. వెడల్పాటి భుజాలు, బ్రేకు తొక్కీ తొక్కీ వాచిన కుడి చీలమండ, డ్రైవరు కూర్చునే ఎడమవైపు కిటికీ ఎండకి కుడిచేతికన్నా నల్లబడ్డ ఎడమచెయ్యి. ఊరి పిల్లలందరినీ, ఆ తరవాత వాళ్ళ పిల్లల్నీ బడికి చేర్చిన మనిషి. ఊరి వాళ్ళ ఓటుతో శాసనసభ్యుడు కూడా. సభ జరిగే నెలల్లో బస్సు తాళాలు ఇంకొకరికిచ్చి రాజధానికి పోయేవాడు. అక్కడ ఏనాడూ లేచి మాట్లాడి ఎరగడు. నలుగురిలో నిలబడితే నాలుక పిడచకట్టుకుపోతుంది. బిల్లు వచ్చినప్పుడు మీట నొక్కడం, శుక్రవారం ఇల్లు చేరడం, శనివారం ఊరికి పంచే కాగితం రాయడం, అతని రాజకీయమంతా అంతే. కాగితంలో పై సగం బిల్లులు, కింది సగం ఊరి కబుర్లు. అందరూ ముందు కింది సగమే చదువుతారు. అతనికి ఆ సంగతి తెలుసు. కోపం లేదు సరికదా, అతనికీ అదే ఇష్టం.

జీవితం మొత్తంలో అతను పెట్టిన బిల్లు ఒక్కటి. చిన్న ఊళ్ళ అంబులెన్సుల ఖర్చు రాష్ట్రం భరించాలని. మార్చిలో అది ఉభయ సభల్లోనూ నెగ్గింది. ఆ శనివారం కాగితంలో అతను అదే రాశాడు. అందులో అబద్ధం లేదు. రాయనిది ఏమిటంటే, డబ్బుతో పని ఉన్న ఏ బిల్లయినా నెగ్గాక కూడా ఆర్థిక సంఘం వారి బల్ల మీద పడి ఉండాలి. సమావేశాల ఆఖరి రోజున డబ్బు దొరికినవి లేస్తాయి, దొరకనివి అక్కడే చస్తాయి. ఆ భవనంలో తిరిగేవాళ్ళకి ఇది నీళ్ళు తాగినంత మామూలు. ఎవరూ ఎవరికీ చెప్పుకోరు. అతనూ చెప్పలేదు.

ఆ మరుసటి సోమవారమే ఏటేటా జరిగే ఊరి సభ. చేతులెత్తి పద్దులు ఒప్పుకునే సభ. అంబులెన్సు పద్దు వచ్చేసరికి జెర్మేన్ అన్న అల్ఫే సీర్ ఆ కాగితాన్ని జెండాలా ఊపుతూ లేచాడట. "మా బావ రాష్ట్రం చేత పెట్టిస్తుంటే మళ్ళీ మనమెందుకు పెట్టడం? కొట్టెయ్యండి ఆ పద్దు" అన్నాడట. ఊరంతా చేతులెత్తింది. ఈ మాట క్లోవిస్ రాజధానిలో ఫోనులో విన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండవలసింది. డబ్బు వస్తుందిలే, ఊరికే జనాన్ని బెదరగొట్టడం దేనికి అనుకున్నాడు. రాలేదు. ఊరి పద్దూ లేకపోయేసరికి జూలై ఒకటిన, అంబులెన్సు నడిపించే పట్నం వాళ్ళొచ్చి బండిని తీసుకుపోయారు. నాలుగు రోజుల్లో తిరిగొస్తుందనే ఊళ్ళో అందరి నమ్మకం.

అతను ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టాడు. "అంబులెన్సు బిల్లుకి డబ్బు దొరకలేదు. అది ఇక లేదు. డబ్బు దొరికేదాకా ఏ బిల్లూ నిజం కాదని నాకు మార్చిలోనే తెలుసు. మీకు చెప్పలేదు. తప్పు నాది." నిజానికి ఇది పై సగంలో ఉండాలి. అతనికి ముఖం చెల్లలేదు. తీసుకెళ్ళి విందు వంటకాల కింద, అట్టడుగున పెట్టాడు.

పోస్టాఫీసు తలుపుకి ఒకటి, చర్చి వాకిట్లో ఒకటి, కిరాణా కొట్టులో నాలుగు. ప్రతి శనివారం వేసే చుట్టే ఇవాళా వేసి అతను ఫైర్ స్టేషన్ చేరాడు. జెర్మేన్ విందు పని మీద చర్చిలో ఆగిపోయింది.

ఊరి ఫలహారాలు ఎప్పుడూ మేడ మీది ఇరుకు గదిలో జరిగేవి. ఇవాళ కింద, అంబులెన్సు నిలిపే చోట బల్లలు వేశారు. ఖాళీగా ఉంది కదా అని. సిమెంటు నేల మీద చక్రాల మరకలు అలాగే ఉన్నాయి. వాటి మీద కుర్చీలు వేసుకుని జనం బక్‌వీట్ పిండితో వేసిన అట్లు వెన్నరాసి చుట్టుకు తింటున్నారు. క్లోవిస్ ఆ మరకలు తొక్కకుండా పక్కనుంచి నడిచాడు.

పెనం దగ్గర రీనా డ్యూబే. అంబులెన్సు నడిచినన్నాళ్ళూ దాని మీద పనిచేసిన వాళ్ళకి పెద్ద ఆమే. "రా బాబాయ్, నీకు వేడిగా వేస్తున్నా" అంది.

అల్ఫే అప్పటికే నిలబడి ఉన్నాడు. పొడుగాటి ఎముకల మనిషి, బంగాళదుంపల రైతు, గొంతు విప్పితే నది అవతల కెనడాలో వినపడుతుంది. కాగితం రాసేది క్లోవిసే అయినా, శనివారం ఫలహారాల దగ్గర పైకి చదివేది ఎప్పుడూ అల్ఫేనే. చిన్న అక్షరాలు కనపడని ముసలివాళ్ళు ఆ చదువు కోసమే వస్తారు.

"ఇవాళ నేను చదువుతాలే బావా" అన్నాడు క్లోవిస్.

"నువ్వా? రాష్ట్రం మొత్తం మైకిచ్చి నిలబెడితే గుటకలు మింగినవాడివి, ఇక్కడ చదువుతావా? కూర్చుని తిను బావా, నీ వల్ల అయ్యే పని అదొక్కటే."

అందరూ నవ్వారు. క్లోవిస్ చెయ్యి చాచాడు గాని గట్టిగా లాక్కోలేదు. కాగితం అల్ఫే చేతికే పోయింది.

దుప్పుల వేట లైసెన్సు బిల్లు, రోడ్ల మీద ఉప్పు చల్లే బిల్లు గబగబా ముగించి అల్ఫే ఆవు దగ్గర ఆగాడు. "రీనా, మీ ఆవుకి కూడా అవతలి ఒడ్డున చుట్టాలున్నారే. పాస్‌పోర్టు చేయించమ్మా పాపం." పుస్తకాల అమ్మకం అయింది. విందు అయింది. "సీర్ కుటుంబం, బఠాణీ సూపు. అంటే మా ఆవిడకి మళ్ళీ పని" అన్నాడు. ఆ తరవాత అతని గొంతు తగ్గింది. తగ్గిన గొంతుతోనే ఆఖరి మాట దాకా చదివాడు.

పెనం మీద అట్టు మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు.

"బండి ఇక రాదా?" అంది రీనా.

"రాదు."

"మార్చిలోనే తెలుసా నీకు?"

"తెలుసు. వస్తుందనుకున్నా."

"మేమందరం చేతులెత్తాం బాబాయ్." కోప్పడినా బాగుండేది. నమ్మలేనట్టు చూస్తూ ఉండిపోయింది.

అల్ఫే కాగితాన్ని నెమ్మదిగా మడిచాడు. "కొట్టెయ్యమని లేచింది నేను. పప్పులో కాలేసింది ఇద్దరం. అతన్నొక్కణ్ణే చూడకండి. సోమవారం మళ్ళీ ఊరి సభకి నోటీసివ్వమందాం. మంచు పడేలోపల బండి ఇక్కడే ఉంటుంది. మళ్ళీ చెయ్యెత్తడానికేం, చేతులు అరిగిపోవు కదా. తినండి, చల్లారిపోతున్నాయి."

కుర్చీలు కిర్రుమన్నాయి. మాటలు మొదలయ్యాయి. అల్ఫే వచ్చి క్లోవిస్ పక్కన కూర్చుని, అట్టుకి వెన్న రాసుకుని, ఎడమ భుజం రుద్దుకున్నాడు. నిన్న గడ్డి మోపులు ఎత్తానన్నాడు. క్లోవిస్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "బావా, నేను..." అన్నాడు.

"తెలుసులే. ఆ మేపుల్ పాకం ఇలా అందుకో."

క్లోవిస్ అటు తిరిగి సీసా తీసుకుని ఇటు తిరిగేసరికి అల్ఫే తల పళ్ళెం పక్కన వాలి ఉంది. మొదట హాస్యమనుకున్నాడు.

రీనా బల్లల మధ్యనుంచి పరుగెత్తుకొచ్చింది. నలుగురూ పట్టి అతన్ని నేల మీద పడుకోబెట్టారు. ఆమె అతని నోరు తెరిచి, వేలు పెట్టి అడ్డున్నది తీసి పక్కన పెట్టి, గుండె మీద రెండు చేతులూ వేసి నొక్కడం మొదలుపెట్టింది. "పెట్టె తెండి" అని అరిచింది అలవాటుగా. గుండెకి కరెంటు ఇచ్చే పెట్టె బండిలోనే ఉండేది, బండితోనే పోయింది. ఆ సంగతి గుర్తొచ్చి ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ నొక్కసాగాయి.

పట్నం నుంచి బండి బయల్దేరింది అన్నారు ఫోనులో. రీనా అలిసిపోతే ఇంకొకరు, వాళ్ళు అలిసిపోతే క్లోవిస్. బస్సు డ్రైవర్లకి ఏటేటా నేర్పే పని అది. బొమ్మ మీద నేర్చుకున్నాడు. బావ ఎముకలు బొమ్మ ఎముకల్లా లేవు. చెమట కళ్ళల్లోకి కారింది. తన కింద ఉన్న నేల ఏదో, ఈ నేల మీద మొన్నటిదాకా నిలబడి ఉన్నదేదో అతనికి ప్రతి నొక్కుకీ తెలుస్తూనే ఉంది.

చాలాసేపటికి సైరను వినిపించింది. ఊరికి కొత్తవాళ్ళు ఇద్దరు కుర్రాళ్ళు దిగారు. చేయవలసినవన్నీ చేశారు. ఆ తరవాత ఒకడు తల అడ్డంగా తిప్పాడు.

జెర్మేన్ చర్చి నుంచి వచ్చింది. అన్న పాదాలు రెండూ పట్టుకుని కూర్చుంది. ఏడవలేదు.

"నువ్వు రాసింది అన్నయ్య చదివాడా?"

"చదివాడు."

"ఏమన్నాడు?"

"ఇద్దరం పప్పులో కాలేశామన్నాడు."

ఆమె భర్త ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపముందో జాలి ఉందో అతనికి అంతుపట్టలేదు. అన్నతోబాటు బండెక్కి వెళ్ళిపోయింది.

జనం ఇళ్ళకి పోయారు. క్లోవిస్ కుర్చీలు మడిచి గోడకి చేర్చాడు. ఫలహారాలయ్యాక ఆ పని అతనిదే, ఇంకేం చేయాలో తెలియలేదు. తాము కూర్చున్న బల్ల తుడవబోతే, రీనా హడావిడిలో దాని మీద పెట్టిన కాగితపు రుమాలు పొట్లం చేతికి తగిలింది. విప్పాడు. అందులో అల్ఫే కట్టుడు పళ్ళు, ఇంకా తడారకుండా, ముందు పంటి సందులో చిన్న అట్టు ముక్కతో.