ఆరో పేజీలో సందు

"ఇంట్లోనే ఉంటావుగా, ఆ బట్టలు కాస్త తిరగెయ్యి" అని చెప్పి భర్త ఆఫీసుకు వెళ్ళాడు.

మూడు రోజులుగా వాన. గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు కట్టిన తాళ్ళ మీద బట్టలు ఆరక ముక్కవాసన వేస్తున్నాయి. వాటి కింద తల వంచుకుని, భోజనాల బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని ఆమె పని చేస్తుంది. ఒక వార్తల వెబ్‌సైట్‌లో ఉద్యోగం. నాలుగేళ్ళుగా ఈ బల్ల దగ్గరే. భర్త దృష్టిలో అది ఇంట్లో ఉండటం. అత్తగారి దృష్టిలో పొద్దుపుచ్చడం. "ఆ పెట్టె ముందు కూర్చునే దాని చేతి కూడు నాకొద్దు" అని ఆవిడ పంతం పట్టి, ఊరి అవతల కాలవ పక్క సందులో ఒక్కతే ఉంటోంది. రోజుకోసారి ఫోన్ చేసి మాత్రం తిడుతుంది.

ఆమె పని వార్తను కోయడం. ఒక్క పేరాలో అయిపోయే సంగతిని ఏడెనిమిది పేజీలు చెయ్యాలి. పేజీకో బొమ్మ, పేజీకో ప్రకటన. అసలు పేరు శీర్షికలో కనపడకూడదు. చేరిన మొదటి రోజే ఎడిటర్ నేర్పాడు: "పేరు ముందే చెప్పేస్తే లోపలికి ఎవడొస్తాడు మేడమ్? భయం అందరికీ వెయ్యాలి. ఎవరికో ఆఖర్న తెలియాలి."

ఎండాకాలంలో వడగాలి హెచ్చరికనూ అలాగే కోసింది. ఆ వారం ఎండకు పడిపోయిన వాళ్ళ వార్తనూ ఆమే కోసింది. వాళ్ళ ఊళ్ళ పేర్లు రెండోసారి చదివింది. పొయ్యి మీద పాలు పొంగితే లేచి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఇంకో వార్త వచ్చి కూర్చుంది.

ఇవాళ పదింటికి జలాశయం అధికారుల ప్రకటన వచ్చింది. ఎగువన వాన తెరిపివ్వడం లేదు. సాయంత్రం నాలుగింటికి గేట్లెత్తుతారు. కాలవ ఒడ్డు వీధులు ఏడు ఖాళీ చెయ్యాలి. ఇన్ని నీళ్ళు ఒక్కసారిగా వదలడం ఎన్నడూ లేదట. 'నాలుగింటికి మునిగే వీధులివే.. మీది ఉందా?' అని శీర్షిక పెట్టి, పేజీకో వీధి చొప్పున కోసింది. జనం ఎక్కువున్న వీధులు చివర పెట్టాలని నియమం. వాళ్ళంతా తమ వీధి పేరు కోసం పేజీలన్నీ నొక్కుకుంటూ వస్తారని. ఆరో పేజీకి సబ్బుల ఫ్యాక్టరీ సందు వచ్చింది. టైపు చేస్తున్న చెయ్యి ఆగిపోయింది. అది అత్తగారి సందు.

ఫోన్ చేస్తే ఆవిడ వేరెవరితోనో మాట్లాడుతోంది. ఈలోగా ఎడిటర్ మోగించాడు. "పెట్టారా మేడమ్? పక్కవాళ్ళు పెట్టేశారు!" పెట్టేసింది. భర్తకు ఫోన్ చేసి చెప్పింది. "మీవాళ్ళు రోజూ ప్రళయమే అంటారు. మొన్న తుపానన్నారు, ఎండ కాసింది. అమ్మని ఊరికే హడలగొట్టకు" అన్నాడు. ఆమెకూ అదే నిజమైతే బాగుండుననిపించింది. కాలవ మీద వంతెన ఫొటో ఒకటి వచ్చింది. నీళ్ళు కమ్మి వంతెన కమాను కనపడటం లేదు. ఆమె మళ్ళీ మళ్ళీ అత్తగారికి మోగించింది.

పన్నెండున్నరకు అత్తగారు ఫోనెత్తింది.

"ఏంటే, ఒకటే మోగిస్తున్నావు? కొంపలేమైనా మునిగాయా?"

"అత్తయ్యా, వెంటనే బయల్దేరండి. నీళ్ళొస్తున్నాయి."

"మా సందుకేం లేదులే. నీ వార్తే చదివాను."

"నా వార్తా?"

"రోజూ చదువుతాను. ఏం, చదవకూడదా? నాలుగు వీధులు రాశావు. తర్వాత ఎవత్తో జుట్టు విరబోసుకుని నూనె అమ్ముతూ వచ్చింది, అక్కడితో అయిపోయింది. పక్కింటి పిల్ల మూట కట్టుకుంటుంటే నేనే ఆపాను. చంకలో పసిగుడ్డుతో ఈ వానలో ఎక్కడికే, మా కోడలు రాసింది, మన పేరు లేదు అన్నాను. సందంతా తిరిగి చెప్పొచ్చాను. ఒక్కరూ కదల్లేదు."

అత్తగారి నోట "మా కోడలు" అన్న మాట ఆమె వినడం అదే మొదలు. పెళ్ళయినప్పటి నుంచి ఆమె భయపడుతూనే ఉంది. కూరలో ఉప్పుకు, ఎడిటర్ గొంతుకు, తలుపు దగ్గర చెప్పుల చప్పుడుకు. ఆ భయాలతోనే ఇవాళ గబగబా పని ముగించింది. నీళ్ళకు మాత్రం భయపడటానికి తీరిక దొరకలేదు. ఇప్పుడు ఆ పసిగుడ్డు కళ్ళ ముందు కదులుతోంది. చూడని బిడ్డ. చూడని తల్లి.

"ఆరో పేజీలో ఉంది అత్తయ్యా."

"ఏది?"

"మీ సందు. నేనే వెనక పెట్టాను."

"ఎందుకు?" అంది అత్తగారు.

తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఏడు పేజీలూ తీసేసింది. వాటి చోట ఒకటే పేజీ పెట్టింది. శీర్షికలోనే ఏడు వీధుల పేర్లూ పెట్టి, కింద 'నాలుగింటిలోపు వెళ్ళిపోండి' అని రాసింది. ఎడిటర్ మార్చకుండా, ఇద్దరూ వాడే సైటు పాస్‌వర్డ్ కూడా మార్చేసింది. నిమిషం తిరక్కుండా మెసేజ్ వచ్చింది: 'ఇదేం పని? పాతది పెట్టండి, లేకపోతే రేపటి నుంచి రానక్కర్లేదు.'

ఆమె ఎప్పుడు వెళ్ళింది గనక!

"ఇప్పుడు చూడండి అత్తయ్యా. గట్టిగా చదవండి."

సందులో అత్తగారి గొంతు ఖంగుమంది. "ఒసేయ్, మూట కట్టవే! బిడ్డనెత్తుకో! మన సందే, మొదట్లోనే ఉంది!" తలుపులు తెరుచుకుంటున్న చప్పుళ్ళు, ఎవరివో అరుపులు. తర్వాత గొంతు తగ్గించి అంది: "ముందు పిల్లల తల్లుల్ని తోలుతున్నాను. నా మోకాళ్ళు తెలుసుగా, నేను ఆఖర్న చూసుకుంటాలే."

"గుమ్మంలో కూర్చోండి. వస్తున్నాను."

ఒంటిగంట దాటింది. కంప్యూటర్ మూసి, గొడుగు తీసుకుంది. తాళం వేస్తుండగా భర్త ఫోన్.

"వాన పెరిగింది, రావడానికి ఆలస్యమవుతుంది. కుళాయి బాగుచేసేవాడు మూడింటికి వస్తాడు, తలుపు తియ్యి. ఇంట్లోనే ఉంటావుగా?"

"ఉండను" అని ఆమె మెట్లు దిగింది.