తువ్వాల చాటు పాఠం

ఆ ఆదివారం పొద్దున ఆకాశం నేల మీదికి దిగి వచ్చింది. నాంపల్లి అంతా మంచు కమ్ముకుంది. ఎదురింటి నీళ్ల ట్యాంకు కూడా కనబడలేదు. రోజూ మేడల వెనక నుంచి తల ఎత్తి నా వైపే చూసే జెయింట్ వీల్ కోసం కిటికీ దగ్గర నిలబడి వెతికాను. లేదు. స్టేషన్‌లో రైలు కూత మాత్రం వినబడింది. చక్రం ఇక పోయినట్టే అనుకుంటే ప్రాణం తేలికైంది. ఇంకో కప్పు ఛాయ్ అడిగాను.

"ఇయాల మస్తు హుషారుగున్నవ్," అంది మా ఆవిడ వీరమ్మ. "మంచు కరుగుతది తియ్యి. చక్రం యాడికీ పోదు."

నేను ఛాయ్ ఊదుకున్నాను.

సంగతి ఏమిటంటే, ఆ సాయంత్రం, నాంపల్లిలో ఏటా పెట్టే ఎగ్జిబిషన్‌లో నేను ఆ చక్రం ఎక్కాలి. మాట ఇచ్చాను. ఇచ్చింది మూడో తరగతి చదివే నా మనవరాలు కీర్తికి. పెద్దవాళ్లకు ఇచ్చిన మాటైతే ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు.

ఎత్తంటే నాకు పడదు. ఊళ్లో గడ్డివాము మీదికి వీరమ్మే ఎక్కేది. నేను కింద నుంచి కట్టలు అందించేవాణ్ణి. నాంపల్లిలో మా కొడుకు రత్నాకర్ కిరాయికి ఉండేది మూడో అంతస్తులో. ఆ మెట్లు కూడా నేను గోడ వైపు చూస్తూ ఎక్కుతాను. వరి కోతలయ్యాక నాలుగు రోజులు ఉండి పోదామని వచ్చినవాణ్ణి, ఇట్లా ఇరుక్కున్నాను.

జనవరి మొదట్లో కీర్తి వాళ్ల టీచరు అనురాధ మా కోడల్ని బడికి పిలిపించింది. కోడలు వనిత ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో పని చేస్తుంది. సాయంత్రం వచ్చి, బ్యాగు భుజానే ఉంచుకుని చెప్పింది.

"పిల్లకు తెల్వక కాదంట మామా. కుదురుగ కూసోదంట. రోజూ ఒక్కటే జాగల, ఒక్కటే టైముకు, జరసేపైనా సరే, కూసోపెట్టుమన్నది. పక్కకు ఎవరన్న ఉండాలంట. తిట్టుడు, చెప్పుడు ఏం వద్దంట. ఊకె ఉంటే చాలంట."

అందరూ నా వైపు చూశారు. ఊరికే ఉండడంలో ఆ ఇంట్లో నన్ను మించినవాళ్లు లేరు.

"డెబ్బై ఏండ్ల సంది గీయన చేసేది గదే," అంది వీరమ్మ. "ఇగ ఇప్పుడు కొలువైంది."

మర్నాడు గల్లీలో లైట్లు వెలిగే వేళకు గోడ వారన చాప పరిచి కూర్చున్నాను. కీర్తి పెన్సిల్ చెక్కింది. మొన బాగా లేదని మళ్లీ చెక్కింది. నీళ్లు తాగింది. తాగింది కాబట్టి బాత్రూముకు పోయింది. వచ్చి చూస్తే రబ్బరు మురికిగా ఉందట, దానికి సబ్బు పెట్టి స్నానం చేయించింది. తుడిచింది. ఆరబెట్టింది. చివరికి పుస్తకం తెరిచి కడుపు పట్టుకుంది.

"తాతా, కడుపు నొస్తున్నది."

"ఎందుకు?"

"గింత ఉన్నది చూడు." పుస్తకం నా వైపు తిప్పింది.

చూశాను. నిజమే, పై నుంచి కింది దాకా నల్లగా అక్షరాలు. ఎక్కడా కాలు పెట్టే సందు లేదు.  ఏం చేయాలో తోచక భుజం మీది తువ్వాల తీసి పేజీ మీద కప్పేశాను. దాచేద్దామనే తప్ప ఇంకో ఆలోచన లేదు. తువ్వాల సరిగ్గా సరిపోలేదు. పైన ఒక్క వరుస బయట మిగిలింది.

కీర్తి దాన్ని చదివింది. చదవడానికి ఇంకేమీ లేదు మరి.

"కిందేమున్నది?" అంది.

"నాకేం ఎరుక."

"జర జరుపు."

జరిపాను. ఇంకో వరుస బయటపడింది. అదీ చదివింది. "ఇంకా జరుపు" అంది. అట్లా జరుపుకుంటూ పోతుంటే ఒకచోట బొమ్మ మొదలైంది. ముందు ఒక నల్లటి వీపు కనబడింది. బర్రె అంది కీర్తి. నేనూ బర్రే అనుకున్నాను, నాకు తెలిసిన వీపు అదే. జరిపితే ఏనుగు. ఇద్దరం నవ్వాం. పాఠం ఎప్పుడు అయిపోయిందో మాకు తెలియలేదు.

తన చదువుకు ధర ఉందని మర్నాటికల్లా కీర్తికి అర్థమైంది.

"రోజూ కూసుంటే నాకేమిస్తవ్ తాతా?"

"అడుగు," అన్నాను. నేను మాట్లాడేదే తక్కువ. ఆ ఒక్క మాట కూడా అనకుండా ఉండవలసింది.

కీర్తి కిటికీ వైపు తిరిగింది. అప్పుడే చక్రానికి లైట్లు వేశారు. ఎర్రగా, పచ్చగా తిరుగుతోంది.

"నువ్వు నాతోటి జెయింట్ వీల్ ఎక్కాలె."

వీరమ్మ నవ్వి నవ్వి అక్కడే నేల మీద కూలబడింది. వనిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రత్నాకర్ బేగం బజార్‌లో మిర్చి దుకాణంలో పని చేస్తాడు. వాడు అప్పుడే వచ్చి, సంగతి విని, నవ్వబోయి తుమ్మాడు. వాడి అంగీ దులిపితే ఇంటిల్లిపాదికీ తుమ్ములే. నవ్వులు, తుమ్ములు కలిసిన గోలకు పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొట్టారు.

"ఎగ్జిబిషన్ ఆఖరి ఆదివారం దాక చదవాలె," అంది వనిత. "ఒక్క రోజు తప్పినా చక్రం లేదు, ఏం లేదు."

రబ్బరుకు స్నానాలు చేయించే పిల్ల, అన్ని రోజులు తప్పకుండా ఎట్లా కూర్చుంటుంది? "సరే," అన్నాను ధైర్యంగా.

కూర్చుంది.

రోజూ కూర్చుంది. గల్లీలో లైట్లు వెలగడం, చాప పరచడం, తువ్వాల పడడం. పుస్తకం అయిపోతే షాంపూ పొట్లం చదివేది. అఫ్జల్‌గంజ్ పోయే బస్సు కనబడితే దాని బోర్డు చదివేది. ఒక ఆదివారం ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారని తీసుకుపోయాను. నా భుజం మీది తువ్వాల లాగి ఒక కథల పుస్తకం మీద కప్పి, అక్కడే గొంతుక్కూర్చుని, కొద్దికొద్దిగా జరుపుకుంటూ చదవడం మొదలుపెట్టింది. చుట్టూ జనం ఆగి చూస్తున్నారు.

"పెద్దమనిషీ," అన్నాడు అమ్మేవాడు. "కొంటరా, కప్పుతరా?"

కొన్నాను.

ఇంట్లో వీరమ్మకు పండగ. "నిమ్మకాయ జేబుల ఏసుకో, పైన కండ్లు తిరుగుతయ్," అనేది. "నేనైతే చేతులిడిచి కూసుంట. ఆడికెల్లి మన ఊరు కనబడితే కేకేస్త." పక్కింటివాళ్లకు కూడా చెప్పింది. వాళ్లు మెట్ల మీద ఎదురైతే, "ఎప్పుడెక్కుతున్నరు?" అని అడిగేవాళ్లు. నేను గోడ వైపు చూసేవాణ్ణి.

మధ్యలో ఒక్కరోజు నాకు దారి దొరికింది. హిమాయత్‌నగర్ నుంచి వనిత చెల్లెలు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లలు ఇల్లంతా దొర్లుతున్నారు. మంచం కింద ఒకరు, తలుపు వెనక ఒకరు. కీర్తి గొంతు అన్నిటికన్నా పైన ఉంది. వేళ అవుతోంది. ఎవరికీ గుర్తు లేదు. ఈ ఒక్క పొద్దు దాటితే నేను బతికిపోతాను. నేను చేయాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడం. అది నాకు కొత్త పని కాదు కదా.

గల్లీలో లైట్లు వెలిగాయి.

కాసేపటికి చూసుకుంటే నేను గోడ వారన ఉన్నాను. చాప పరిచి ఉంది. పుస్తకం తెరిచి ఉంది. తువ్వాల కప్పి ఉంది, పైన ఒక్క వరుస వదిలి. ఎవరు చేశారా అని చూస్తే తువ్వాల అంచు నా చేతిలోనే ఉంది. పొద్దుగూకితే ఎడ్లు కొట్టం దారి పట్టినట్టు, నా చేతులు వాటంతట అవే పోయాయి.

మంచం కింద నుంచి కీర్తి చూసింది. "అరే, టైమైంది," అని పాక్కుంటూ వచ్చి కూర్చుంది. దాని వెనకే మిగతా పిల్లలు. తువ్వాల నేను జరుపుతానంటే నేను జరుపుతానని కొట్లాట.

వంటింటి గడప మీద నిలబడి వనిత నన్నే చూస్తోంది.

"జర ఊకుంటే తప్పించుకునేటోళ్లు గద మామా."

"ఔ," అన్నాను.

ఇదంతా అయ్యాకే ఆ ఆదివారం వచ్చింది. రెండో కప్పు ఛాయ్ తాగుతుండగానే మంచు పై నుంచి కిందికి కొంచెం కొంచెంగా జరిగింది. ముందు చక్రం నెత్తి కనబడింది. తర్వాత నడుము. తర్వాత మొత్తం. మా తువ్వాల కింద ఏనుగు బయటపడ్డట్టే.

వనిత మెల్లగా పక్కకు వచ్చింది. "భయమైతే ఇప్పుడే చెప్పుండ్రి మామా. దానికి నేను ఏదో ఒకటి చెప్పుకుంట."

మంచి పిల్ల మా కోడలు. కానీ రేపు మళ్లీ లైట్లు వెలుగుతాయి. చాప ఉంటుంది. కీర్తి రావాలి కదా. రోజూ వచ్చి కూర్చున్నది నా మాట పట్టుకునే. నేను జారుకుంటే చాప మీద నేనొక్కణ్ణే మిగులుతాను.

"పోదాం," అన్నాను.

ఎగ్జిబిషన్‌లో ఇసుక వేస్తే రాలనంత జనం. వీరమ్మ అందరికన్నా ముందు నడిచింది. లైన్లో కూడా ముందే నిలబడి, నేను పారిపోతానేమోనని నా చెయ్యి పట్టుకుంది. మా వంతు వచ్చింది. పెట్టె ఊగుకుంటూ దిగి మా ముందు ఆగింది. వీరమ్మ దాన్ని చూసింది. తల ఎత్తి పైకి చూసింది. ఇంకా పైకి చూసింది. నా చెయ్యి వదిలేసింది.

"నా మోకాళ్లు పట్టుకున్నయ్," అంది. "మీరు పోండ్రి. చెప్పులకాడ ఎవరన్న ఉండాలె గద."

చెప్పులు అందరి కాళ్లకూ ఉన్నాయి.

కీర్తి, నేను ఒక పెట్టెలో. వెనక పెట్టెలో కొడుకు, కోడలు. అడ్డంగా ఇనుప కడ్డీ వేశారు. చక్రం కదిలింది. నా కడుపు వీరమ్మ దగ్గరే ఉండిపోయింది, మిగిలిన నేను పైకి పోయాను. కళ్లు మూసుకున్నాను. సరిగ్గా అన్నిటికన్నా పైన, కింద ఎవరినో ఎక్కించుకోవడానికి చక్రం ఆగింది. పెట్టె ఊగుతోంది.

"తాతా, కండ్లు తెరువు."

"తెరువ."

"ఎందుకు?"

"గింత ఉన్నది, బిడ్డా."

 నా భుజం మీది తువ్వాల జారిపోవడం తెలిసింది.

"ఇగ తెరువు. ఒక్క లైనే చూడు."

తెరిచాను. కళ్ల ముందు నా తువ్వాలే. రెండు చేతులతో పరదాలా పట్టుకుంది. పైన ఒక్క వరుస వదిలింది.

"ఏమున్నది? చదువు."

"ఆకాశం."

"ఇంకా?"

"చుక్క. ఒక్కటే."

"శభాష్." తువ్వాల కొంచెం జరిపింది. "గిది?"

"గడియారం స్తంభం. మొజంజాహీ మార్కెట్‌ది."

జరిపింది. వరుసగా నిలబడ్డ రైళ్లు. జరిపింది. మా మేడ మీది నీళ్ల ట్యాంకు. ఇక అక్కడి నుంచి నేనే అడిగాను, "జర జరుపు" అని. దుకాణాల లైట్లు వచ్చాయి. బోర్డులన్నీ కీర్తి గట్టిగా చదివింది, మిర్చి బజ్జీ నుంచి కాశ్మీరీ శాలువాల దాకా. ఆఖరి వరుసలో, మా కాళ్ల కింద, తల పైకెత్తి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, గుప్పెడంత మనిషి.

"బాపమ్మ," అంది కీర్తి, వాళ్ల నాయనమ్మను గుర్తుపట్టి.

"ఏనుగనుకున్న," అన్నాను.

నవ్వు ఆగలేదు. మా నవ్వుకు పెట్టె ఊగింది. ఊగినందుకు ఇంకా నవ్వొచ్చింది. చక్రం కదిలి, సర్రున దిగి, మళ్లీ పైకి లేచింది. అట్లా తిరిగి తిరిగి ఆగుతుంటే, "ఇంకోపారి," అన్నారు ఎవరో. గొంతు నాదే.

దిగాక కీర్తి తువ్వాల మడిచి నా భుజం మీద వేసింది. "ఇయాల్టి చదువు అయిపోయింది," అని వాళ్లమ్మకు చెప్పింది.

ఇంటికొచ్చి అందరం వరుసగా కూర్చున్నాం. వనిత జొన్న రొట్టెలు కాల్చి, వేడివేడిగా చిక్కుడుకాయ కూర వడ్డించి, తనూ కూర్చుంది. వీరమ్మ ఏమంటుందోనని అందరం ఎదురుచూశాం. వీరమ్మ ఏమీ అనలేదు. రొట్టెల్లో బాగా పొంగినదాన్ని, ఎప్పుడూ కొడుక్కు వేసేదాన్ని, తీసి నా పళ్లెంలో పెట్టింది. తల ఎత్తలేదు.

కిటికీలో చక్రం తిరుగుతోంది. కీర్తి దాన్ని చూసింది, నన్ను చూసింది, బుగ్గలు ఉబ్బించుకుని నవ్వు మింగింది. రత్నాకర్ తుమ్ము ఆపుకున్నాడు.  నాకే ఆ రాత్రి చెప్పడానికి బోలెడు మాటలున్నాయి. నోటి నిండా రొట్టె ఉంది.