ఐదో ‘ఎందుకు’

జీవితకి కిడ్నీలో రాయి ఉంది. నీళ్లు బాగా తాగకపోతే ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పాడు. అయినా ఆ పిల్ల తాగదు. తాగితే లేవాలి, లేస్తే మా లైనంతా ఆగిపోతుంది.

మాధవరం దాటాక ఉండే మా చొక్కాల కంపెనీలో ఇదివరకు ఇలా లేదు. ఒక్కొక్కరి పక్కన కట్టలు కట్టలుగా ముక్కలు పడేసేవాళ్లు. ఎవరి కట్ట వాళ్లం కుట్టుకునేవాళ్లం. మధ్యలో లేచి వెళ్లొచ్చినా అడిగే నాథుడు లేడు. ఇప్పుడు ‘లీన్’ అని కొత్త పద్ధతి తెచ్చారు. కట్టలు పోయాయి. జీవిత కాలరు కుట్టి ఒక్క చొక్కా నా చేతికిస్తే, నేను దానికి చేతులు అతికి పక్కామెకివ్వాలి. ఎవరి దగ్గర ఆగితే వాళ్ల నెత్తిన ఎర్రలైటు వెలుగుతుంది. సూపర్‌వైజరు కేకలు వేయక్కర్లేదు, మాలో మేమే వేసుకుంటాం. ఎంత తెలివో చూడండి!

ఆ రోజు జీవిత నడుము పట్టుకుని మూలుగుతుంటే నాకు ఒళ్లు మండింది. నా సీసా తీసి దాని చేతిలో పెట్టాను.

"తాగవే! లైటు వెలిగితే వెలగనీ. నేనుండాను గదా."

గటగటా తాగింది. కాసేపటికి లేచి బాత్రూముకి పోయింది. ఎర్రలైటు వెలిగింది.

ఇంజనీరు అరుళ్ వచ్చాడు. పేరు అరవమే గానీ మా తెలుగు పిల్లోడే, మర్యాదస్తుడు. కోప్పడి ఉంటే నాలుగు కడిగేసేదాన్ని. వాడు నవ్వాడు.

"తప్పు ఎవురిదీ కాదక్కా. ఎందుకని అయిదు తూర్లు అడిగితే అసలు కారణం దొరుకుతాది. లైను ఎందుకు ఆగింది?"

"జీవిత లేచింది."

"ఎందుకు లేచింది?"

"బాత్రూముకి."

"ఎందుకు పోవాల్సొచ్చింది?"

"నీళ్లు తాగింది గనక."

"ఎందుకు తాగింది?"

"కిడ్నీలో రాయుండాది నాయనా! తాగకుంటే కోస్తారంట!" అని అరిచాను. ఇప్పటికైనా వీడికి బుద్ధి వస్తుందనుకున్నాను.

"అయ్యో పాపం," అన్నాడు. నిజంగానే అన్నాడు. "అది మన చేతిలో లేదక్కా. మన చేతిలో ఉండేది చూస్తాం. నీళ్లు లైనులోకి ఎందుకొచ్చినాయి?"

"నీళ్ల క్యాను ఈడనే, నా వెనకాలే ఉండాది గనక!" అన్నాను విసురుగా.

మర్నాడు క్యాను అక్కడ లేదు. గేటు పక్కకి మార్చేశారు. సీసాలు కూడా లోపలికి తేకూడదన్నారు. అసలు కారణం చెప్పింది అలమేలక్కేనంటూ పొద్దున మీటింగులో అరుళ్ నాకు చప్పట్లు కొట్టించాడు. జీవిత కూడా కొట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. మానేసి పోదామా అంటే, ఈ చుట్టుపక్కల కంపెనీలన్నిటికీ ఇదే పిచ్చి పట్టింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"నువ్వు మంచికే చెప్పినావులే అక్కా," అంది జీవిత. తిట్టి ఉన్నా బాగుండేది.

మధ్యాహ్నం నా చేతికి చొక్కా రాలేదు. చూస్తే జీవిత మిషను మీద తల వాల్చి, నడుము నొక్కుకుంటోంది. పక్కామె నా ఖాళీ చేతులకేసి చూసింది. ఆమె అవతలామె కూడా చూసింది. లైటు ఎప్పుడు వెలుగుతుందోనని తల పైకెత్తాను. లేచి ఆ పిల్లని పట్టుకోవాలనే అనుకున్నాను, ఒట్టు.

"ఏమే, సీక్రం కానీవే!" అని అరిచింది మాత్రం నేనే.

జీవిత తలెత్తి, కాలరు కుట్టి, చొక్కా నా చేతికిచ్చింది.