పన్నెండో పేరు

ఫోన్ మోగేసరికి విజయశ్రీ చేతుల నిండా శనగపిండి. భర్త ప్రసన్నకుమార్ దాన్ని ఆమె చెవికి ఆనించి పట్టుకున్నాడు. ఆ వంకన బుగ్గ మీది పిండి కూడా నెమ్మదిగా, అవసరానికి మించి తుడిచాడు.

అవతల పరిశోధన గైడు చక్రపాణి సారు. "ఏడు పళ్లలో ఒకటి పలికిందమ్మా. నాలుగో నంబరు పన్ను. డీఎన్‌ఏ వచ్చింది."

నల్లగొండ దగ్గర ఒక ఇనుపయుగపు బండరాళ్ల సమాధిలో దొరికిన పన్ను అది. రెండున్నర వేల ఏళ్ల నాటిది. మన ఎండలకు అందులో ఏం మిగులుతుందని అందరూ పెదవి విరిచినదే. తల్లి నుంచి బిడ్డలకు దిగే భాగం చదవగలిగారు. ఆ పన్నును ముట్టుకున్నవాళ్ల జాబితాలోని పదకొండు మందితోనూ పోల్చారు. ఎవరితోనూ కలవలేదు. అంటే అది పన్నుదే. మూడేళ్ల చాకిరీకి థీసిస్ చేతికొచ్చినట్టే.

సకల జనుల సమ్మెతో బస్సులు లేవు. చైతన్యపురిలో ప్రసన్న లెక్కలు చెప్పే కోచింగ్ సెంటరుకు తాళం. పెళ్లయి మూడు నెలలైన ఇద్దరికి ఆ సమ్మె మీద ఫిర్యాదేమీ లేదు. విజయశ్రీ తల్లి అండాలమ్మ మాత్రం సత్తుపిండి డబ్బా పట్టుకుని ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచొచ్చి, కాళ్లు చాపుకుని కూర్చుంది.

"మా నల్లగొండ పన్ను ఒదినా," అంది వియ్యపురాలితో. "మీరు నిన్నగాక మొన్న బస్సెక్కి ఒచ్చిన్రు. మేం గప్పటి సంది ఈడనే ఉన్నం."

"మా గుంటూరు నుంచి చుట్టపుచూపుగా వచ్చి మీ ఊళ్లో పోయిందేమో, ఎవరు చూశారు?" అంది అత్తగారు సూర్యప్రభ.

"నాకు ఆ పన్ను బాగా గుర్తు," అన్నాడు ప్రసన్న బజ్జీ కొరుకుతూ. "నాలుకకు అతుక్కుంది."

విజయశ్రీ పొయ్యి ఆపేసింది.

"ఏమన్నవ్?" అత్తగారి ముందు 'మీరు' అనాలన్న సంగతి విజయశ్రీ మరిచిపోయింది.

"నిశ్చితార్థం అయిన వారానికి నిన్ను చూడ్డానికి తవ్వకాల దగ్గరికి వచ్చాను కదా. నువ్వు నీళ్ల సీసా తేవడానికి వెళ్లావు. రాయో ఎముకో తెలియకపోతే నాలుక మీద పెట్టాలని మేస్త్రీ లింగస్వామి చెప్పాడు. ఎముకైతే అతుక్కుంటుందట. నిజమే, అతుక్కుంది."

"పన్నని కనబడ్తనే ఉన్నది కద."

"లెక్కల మాస్టర్ని. రుజువు కావాలిగా."

విజయశ్రీకి నవ్వొచ్చింది. ఆ వెంటనే అసలు సంగతి తట్టింది. "ఈయనది అత్తమ్మ నుంచి వచ్చిన డీఎన్‌ఏ. మాకొచ్చిన ఫలితం దాంతో కలిస్తే పన్ను చెప్పిందేం లేదు. అంతా ఈయన ఎంగిలే."

సూర్యప్రభ మొహం వెలిగింది. "అయితే మా అమ్మమ్మ పోలికన్నమాట. చూశారా వదినగారూ, రెండున్నర వేల ఏళ్లుగా లోకల్ మేమే."

"కలిస్తే నా థీసిస్ పోయినట్టే అత్తమ్మా."

సూర్యప్రభ మాట మార్చేసింది. "అయితే మేం లోకల్ కాదులే."

"గీ మాట రాసియ్యి ఒదినా," అంది అండాలమ్మ.

"జాబితాలో నా పేరు లేదు," అన్నాడు ప్రసన్న గొంతు తగ్గించి. "ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెల్సింది కద."

ఆమె చేతులు తుడుచుకుని సారుకు ఫోన్ చేసి, పన్నెండో పేరు చెప్పింది. నాలుక సంగతీ దాచలేదు.

"నాలుకతోనా?"

"అవును సార్."

"అతుక్కుందా?"

"అతుక్కున్నదట సార్."

సారు నిట్టూర్చారు. "పైపొర గీకేశాకే పొడి తీశాం. ఎంగిలి దాంతోనే పోయుంటుందని ఆశ. రేపు పొద్దున్నే అతన్ని తీసుకురా. ఏమీ తిననివ్వకు, తాగనివ్వకు. బుగ్గ లోపల దూదిపుల్లతో రాసి తీసుకోవాలి."

ఫోన్ పెట్టేశాక ప్రసన్న నాలుగో బజ్జీ వైపు చెయ్యి చాపి, పెళ్లాం మొహం చూసి వెనక్కి తీసుకున్నాడు. ఆమె నవ్వాపుకుంటూ తనే ఆ బజ్జీ అతని నోట్లో పెట్టింది. ఆంక్ష రేపటికి కదా.

సూర్యప్రభ కొంగు బిగించి లేచి నిలబడింది. "ఆరింటికల్లా ఇద్దరూ స్కూటర్ మీద బయల్దేరతారు. వీడు బుగ్గ అప్పజెప్పి వచ్చేదాకా రేపు ఈ ఇంట్లో కాఫీ బంద్. నాకూ లేదు, మీ మామగారికీ లేదు. వదినగారూ, రాత్రికి ఇక్కడే ఉంటున్నారుగా, మీ చాయ్ కూడా అంతే."