గ్రహణం నాటి కుర్చీ

కెనడాలోని ఓక్‌విల్‌లో సరోజ వాళ్ళింటి బేస్‌మెంట్‌లో అద్దెకున్నది అసిరియా రాజుగారు. వేల ఏళ్ళ కిందట రాజ్యం కూలిపోయాక ఎక్కడెక్కడో తిరిగి, చివరికి ఇక్కడ తేలారు. పొద్దున్నే లేచి డ్రైవ్‌వే మీద మంచు తోసేవారు. ఎండాకాలం పెరట్లో గోంగూరకు నీళ్ళు పోసేవారు. ఒకప్పుడు సింహాలను వేటాడిన మనిషి, ఇప్పుడు చెత్తడబ్బా మీదికొచ్చే రకూన్లను చీపురుతో తరిమేవారు. ఉంగరాలు తిరిగిన గడ్డంలో మంచు పేరుకుంటే సరోజ టవల్ అందించేది. వీధంతా ఆయన్ని రాజుగారనే పిలిచేది. ఫెన్స్ తగాదా వచ్చినా ఆయన దగ్గరికే పరిగెత్తేవారు. రాజ్యం పోయినంత మాత్రాన తీర్పు చెప్పే నోరు పోతుందా!

సాయంత్రం టీ తాగుతూ పాత కబుర్లు చెప్పేవారు. దేవుడికి పెద్ద పూజారీ ఆయనే, సేనకు నాయకుడూ ఆయనే. ఒక్క మాటతో ఊళ్ళకు ఊళ్ళను పెకలించి పరాయి చోట నాటించారట.

"మమ్మల్నెవరూ పీకలేదు రాజుగారూ, మేమే అప్లై చేసుకుని మరీ వచ్చాం" అని నవ్వేవాడు సరోజ భర్త వీర్రాజు. కార్ల ప్లాంట్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైనవాడు.

ఆ నవ్వే మనిషికే గుండె పాడైంది. మంగళవారం ఆపరేషన్. గట్టెక్కడం కష్టమేనని డాక్టరు దాచకుండా చెప్పాడు. దానికి తోడు సోమవారం సూర్యగ్రహణం, అదీ రేవతి నక్షత్రంలో. వీర్రాజుది రేవతే. సరోజ గుండెల్లో రాయి పడింది.

"మీ జ్యోతిష్యులు ఇలాంటప్పుడు ఏం చేసేవారండీ?" అని అడిగింది, పచ్చడి జాడీల మీద దర్భలు వేస్తూ.

రాజుగారు ఒక దర్భ చేతిలోకి తీసుకున్నారు.

"గ్రహణం పడితే రాజుకు చావు అనేవారమ్మా. అందుకని నా గద్దె మీద ఇంకొకణ్ణి కూర్చోబెట్టారు. నన్ను రైతూ అని పిలిచి గుడిసెలో దాచారు. నా బదులు కూర్చున్నది మా తోటమాలి. నా కిరీటం పెట్టుకున్నాడు, నా కంచంలో తిన్నాడు. తర్వాత చంపేశారు. నా చావు వాడు పట్టుకుపోయాడమ్మా. ఇక నాకు చావే మిగల్లేదు."

"పాపం, ఆయన పేరేంటండీ?"

"అడగలేదమ్మా. రాజుని కదా, అవసరమనిపించలేదు."

సోమవారం మధ్యాహ్నం సరోజ వీర్రాజు చేతికి చిన్న పార ఇచ్చి పెరటి షెడ్‌లో కూర్చోబెట్టింది.

"ఇదేం చోద్యమే, గ్రహణం పూట?"

"మాట్లాడకుండా కూర్చోండి, రైతుగారూ."

తలుపు మూసి ఇంట్లోకొచ్చి, భర్త శాలువా కప్పుకుంది. తాళి కళ్ళకద్దుకుని, టీవీ ముందున్న ఆయన రిక్లైనర్ కుర్చీలో కూర్చుంది. ఎదురుగా రాజుగారు నిలబడి ఉన్నారు.

"లే తల్లీ."

"మీరు చెప్పిందే కదండీ. నేను పోతే ఆయన ఉంటారు."

"ఉంటాడు. నాలాగే ఉంటాడు." ఆయన చెయ్యి చాచారు. "వాడికా శిక్ష వద్దమ్మా. ఆ శాలువా ఇలా ఇవ్వు."

ఇవ్వకూడదనే అనుకుంది. కానీ లేచి ఇచ్చేసింది. బతుకు మీద తీపి అలాంటిది. ఆ సిగ్గు ఆమెను తర్వాత కూడా వదల్లేదు.

రాజుగారు శాలువా కప్పుకుని, వీర్రాజు కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నారు. "నా గద్దె కన్నా మెత్తగా ఉంది" అన్నారు.

మబ్బుల వెనకాల సూర్యుణ్ణి ఎవరూ చూడలేదు గానీ, పట్టపగలే చీకటి కమ్మింది. వీధిదీపాలు వెలిగాయి. మళ్ళీ వెలుగొచ్చేసరికి రాజుగారి తల ఒక పక్కకు వాలిపోయి ఉంది.

షెడ్‌లోంచి వీర్రాజు పెరటి మెట్లెక్కి వచ్చాడు. ఎన్నాళ్ళుగానో ఉన్న ఆయాసం లేదు. కుర్చీ వైపు చూసి, పార గోడకానించి, అక్కడే నేల మీద కూలబడ్డాడు.

అంబులెన్స్‌లో వచ్చిన అమ్మాయి నాడి చూసి, మెల్లగా అడిగింది, ఈయన పేరేమిటని.

సరోజ నోరు తెరిచింది. ఎన్ని చలికాలాలు ఆయన చేత మంచు తోయించుకుంది! ఎన్నడో చచ్చిపోయిన తోటమాలి పేరు అడిగింది గానీ, ఎదురుగా ఉన్న మనిషిని ఏనాడూ అడగలేదు. వీర్రాజు వైపు చూసింది. అతనూ తల దించుకున్నాడు.

"అడగలేదమ్మా" అంది తెలుగులోనే, ఆ పాదాలు పట్టుకుని గొల్లుమంటూ.